ఉక్కు నగరంలో ఒక కథ కోసం

ఒకప్పుడు చదువరికి పుస్తకం దొరకడమే కష్టం. నేడు లెక్కకు మించిన పుస్తకాలు అరచేతిలోని యంత్రంలోనికే వస్తున్నవి. కావలసిన పుస్తకం వాటిలో ఎక్కడ ఉన్నదో తెలుసుకోవడం మాత్రం కొత్త కష్టంగా పరిణమించింది. ఈ రెండు కష్టాలనూ ఒకే జీవితకాలంలో ఎరిగిన తరం ఒకటి ఇంకా మన మధ్య ఉన్నది. భిలాయ్ ఉక్కు నగరంలో స్థిరపడిన ఒక తెలుగు విశ్రాంత కార్మికుడు ఆ తరానికి చెందినవాడు. ఆయన కవి కాడు, పండితుడూ కాడు. అయిదవ తరగతితో చదువు ఆపినవాడు. అయినా పుస్తకాన్ని వెతుక్కోవడం అంటే ఏమిటో ఆయనకు తెలిసినంత బాగా ఎందరో విద్యావంతులకు తెలియదనవచ్చును.

భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య 1955లో కుదిరిన ఒప్పందం ఫలితంగా దుర్గ్ పట్టణం పక్కనున్న మెట్టభూములలో భిలాయ్ కర్మాగారం వెలసింది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఏటా పది లక్షల టన్నుల ఉక్కు తీయాలన్నది తొలి లక్ష్యం. దేశంలోని రైల్వేలకు పట్టాలు పోసి పెట్టిన ఆ ఊరికి దేశం నలుమూలల నుండీ మనుషులు వచ్చారు. వారిలో శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల నుండి వచ్చిన తెలుగువారు గణనీయంగా ఉన్నారు. విజయనగరాన్నీ రాయపూర్‌నూ కలుపుతూ 1931లో పూర్తయిన రైలుమార్గం వారికి రాచబాట అయింది. బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా సాగే ఆ దారిలో వారు బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చారు. అంతకు పూర్వం రంగూను ఓడ ఎక్కిన కుటుంబాల పిల్లలే వారిలో కొందరు.

ఆయన 1962లో నరసన్నపేట దగ్గరి పల్లె నుండి వచ్చాడు. అప్పటికి వయస్సు ఇరవై. మొదట నిర్మాణపు పనులలో ఖలాసీగా చేరి, కొంతకాలానికి రైలు పట్టాల మిల్లులో స్థిరపడ్డాడు. మూడు షిఫ్టుల పని. ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మ రోలర్ల నడుమ సాగి సాగి పట్టాగా మారడాన్ని ఎనిమిది గంటలపాటు చూసిన కళ్ళకు, గదికి వచ్చిన తరువాత చాలాసేపటి వరకు మరేదీ ఆనేది కాదు. ఒకే గదిలో ఆరుగురు ఉండేవారు. వారిలో ఒక ఫిట్టరు ఊరి నుండి వచ్చేవారి చేత తెలుగు వారపత్రిక తెప్పించుకునేవాడు. అది చేరేసరికి మూడు నాలుగు రోజులు ఆలస్యం. పది చేతులు మారేసరికి ముఖచిత్రం ఊడిపోయేది. సాయంత్రం షిఫ్టు నుండి వచ్చినవారు భోజనాలు చేస్తుంటే ఆ ఫిట్టరు కథ చదివి వినిపించేవాడు. ఆ విధంగా ఆయనకు పుస్తకం మొదట చెవి ద్వారా పరిచయమయింది.

సొంత నేలకు దూరంగా ఉన్నవారే అచ్చు అక్షరం కోసం ఎక్కువగా తపించడం తెలుగువారి చరిత్రలో కొత్త విషయం కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించినది బొంబాయి నగరంలోనే. 1914లో బెజవాడలో జరిగిన గ్రంథాలయ మహాసభ తరువాత అయ్యంకి వెంకట రమణయ్య వంటి వారి కృషితో తెలుగు పల్లెలలో గ్రంథాలయాలు ఉద్యమరూపంలో వ్యాపించాయి. 1918లో ప్రారంభమైన వేటపాలెం సారస్వత నికేతనం నేటికీ పాత పత్రికల భాండాగారంగా నిలిచి ఉన్నది. 1935లో పాతూరి నాగభూషణం గారి పూనికతో కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిచింది. చదువరి పుస్తకం దగ్గరకు రాలేకపోతే పుస్తకమే చదువరి దగ్గరకు వెళ్ళాలన్నది ఆ పెద్దల పట్టుదల.

భిలాయ్‌లోని తెలుగువారు కూడా తమ శక్తి మేరకు ఆ సంప్రదాయాన్ని పాటించారు. పండుగలకూ నాటకాలకూ కలుసుకునే గదిలో ఒక ఇనుప బీరువా ఉండేది. అందులో రెండు మూడు వందల పుస్తకాలు, ఒక చిట్టా పుస్తకం. ఆదివారాలు ఆ బీరువా తెరిచే గుమాస్తా ఒకాయన ఎవరికి ఏ పుస్తకం ఇవ్వాలో మనిషిని చూసి నిర్ణయించేవాడు. "నువ్వు ఇది చదవలేవు గాని, ముందు ఇది పట్టుకెళ్ళు" అని ఇచ్చేవాడు. పేరు గుర్తులేక, "మొన్న ఎర్ర అట్టది తీసుకెళ్ళాను చూడండి, దాని రెండో భాగం" అని అడిగినా ఆయన తీసి ఇచ్చేవాడు. విషయసూచిక అంతా ఆయన బుర్రలోనే ఉండేది. అటువంటి మనిషి విలువ ఎంతటిదో అప్పట్లో ఎవరికీ తోచలేదు.

ఆ ఊరికే ప్రత్యేకమైన మరొక పుస్తక సంపద కూడా ఉండేది. కర్మాగారం నిర్మించడానికి వచ్చిన రష్యన్ ఇంజనీర్లు ఆ రోజులలో కుటుంబాలతో టౌన్‌షిప్‌లో కనిపించేవారు. వారి దేశం నుండి తెలుగు పుస్తకాలు కూడా వచ్చేవి. మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయంలో ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటి తెలుగు రచయితలు అనువాదకులుగా పనిచేశారు. మంచి కాగితం, గట్టి అట్ట, రంగు బొమ్మలు, సామాన్యునికి అందే ధర. విశాలాంధ్ర వారి ద్వారా తెలుగునాట అమ్ముడయ్యే ఆ పుస్తకాలను సెలవులకు వెళ్ళినవారు మోసుకొచ్చేవారు. తాము పోసే ఉక్కుకూ, తమ పిల్లలు చదివే బొమ్మల కథలకూ ఒకే దేశం తోడ్పడుతున్నదన్న సంగతి కార్మికులకు వింతగానూ, గర్వంగానూ ఉండేది. 1991లో సోవియట్ యూనియన్ అంతరించడంతో ఆ పుస్తకాల రాక కూడా ఆగిపోయింది. అదే ఏడాది ఆంధ్రపత్రికా, దాని సోదర మాసపత్రిక భారతీ నిలిచిపోయాయి.

ఆయనకు 1965లో వివాహమయింది. భార్య మూడవ తరగతి వరకు చదివినది. భిలాయ్ వచ్చిన కొత్తలో ఇరుగుపొరుగు భాష తెలియక, భర్త రాత్రి షిఫ్టుకు వెళితే తలుపు వేసుకుని కూర్చునేది. ఆ ఒంటరితనంలో ఆమెకు తోడుగా ఉంటుందని ఆయన ఒక వారపత్రికకు మనియార్డరు పంపి చందా కట్టాడు. ఆమె మొదట అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. ఏడాది తిరిగేసరికి పత్రిక ఎప్పుడు వస్తుందా అని తపాలావాని కోసం గుమ్మంలో నిలబడే స్థితికి వచ్చింది. ఇంకొక ఏడాదికి చుట్టుపక్కల క్వార్టర్లలోని అక్షరం రాని తెలుగు ఆడవారు మధ్యాహ్నం వేళ ఆమె అరుగు మీద చేరి కథలు వినసాగారు. భర్త షిఫ్టు నుండి వచ్చి అన్నం తింటున్నప్పుడు, ఆ వారం వచ్చిన కథను ఆయనకూ చదివి వినిపించేది. చదవడం వచ్చినా ఆయన వినడానికే ఇష్టపడేవాడు.

నాటి తెలుగు గృహిణులు అనేకుల వలెనే ఆమె కూడా పత్రికలోని సీరియళ్ళ కాగితాలు, నచ్చిన కథలు జాగ్రత్తగా విడదీసి దాచేది. తగినన్ని పోగయ్యాక సూదీ దారంతో కుట్టి, మైదా జిగురుతో సిమెంటు సంచి కాగితం అట్టగా అంటించేది. అట్ట మీద సంవత్సరం, పక్కన తన పొడి అక్షరాలు. ఆ విధంగా ఏడు సంపుటాలు తయారయ్యాయి. ట్రంకు పెట్టెలో చీరల కింద వాటి స్థానం. 2002లో ఆయన పదవీ విరమణ చేసినప్పుడు కంపెనీ క్వార్టరు ఖాళీ చేయవలసి వచ్చింది. సుపేలా వైపు కట్టుకున్న చిన్న ఇంటికి సామాను మార్చే హడావుడిలో రెండవ సంపుటం కనిపించకుండా పోయింది. ఎవరికో చదవడానికి ఇచ్చారో, పాత కాగితాలలో కలిసి తూకానికి వెళ్ళిందో తెలియదు. ఆమె ఆ సంగతి చాలాకాలం తలచుకుంటూ ఉండేది. 2015లో ఆమె కన్నుమూసింది.

ఆ తరువాత ఆయనకు ఒక కథ మీదికి ధ్యాస మళ్ళింది. అది పోయిన రెండవ సంపుటంలోని కథ. కొడుకు రంగూను వెళ్ళగా ఊరిలో ఒంటరిగా మిగిలిన తల్లి కథ. కొడుకు దగ్గర నుండి ఒక ఉత్తరం వస్తుంది. ఆమెకు చదవడం రాదు. చదివి పెట్టేవారి కోసం ఆ ఉత్తరం పట్టుకుని ఊరంతా తిరుగుతుంది. చివరికి కొడుకే గుమ్మంలోకి వచ్చి నిలబడి ఆ ఉత్తరం చదివి వినిపిస్తాడు. ఆయనకు గుర్తున్నది ఇంత మాత్రమే. కథ పేరు తెలియదు, రచయిత పేరు తెలియదు. ఆమె గొంతులో ఆ కథ మళ్ళీ వినలేడు. కనీసం అచ్చులోనైనా ఒకసారి చూడాలన్నది ఆయన కోరిక.

మనుమరాలు అప్పటికి కళాశాలలో చదువుతున్నది. ఆమె భిలాయ్‌లోనే పుట్టింది. భిలాయ్ 2000 నవంబరు 1 వరకు మధ్యప్రదేశ్‌లోనూ, ఆ తరువాత ఛత్తీస్‌గఢ్‌లోనూ ఉన్నది. రెండింటిలోనూ బడి భాష హిందీ, కాకపోతే ఇంగ్లీషు. ఇంట్లో శ్రీకాకుళం యాసలో గలగలా మాట్లాడే ఆ పిల్లకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. తాతకు అక్షరాలు వచ్చును, సెల్‌ఫోను రాదు. మనుమరాలికి సెల్‌ఫోను వచ్చును, అక్షరాలు రావు. 2019 వేసవిలో ఈ ఇద్దరూ కలిసి వెతుకులాట ప్రారంభించారు.

"తాతా, పేరు చెప్పు, ఒక్క నిమిషంలో తీసిస్తాను" అన్నది ఆ అమ్మాయి. "పేరు తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను తల్లీ?" అన్నాడు ఆయన.

కంప్యూటరులో తెలుగు ప్రస్థానం ఆనాటికి చాలా దూరమే సాగింది. తొలి రోజులలో ఒక్కొక్క పత్రిక ఒక్కొక్క ఫాంటు వాడేది. ఒకదానిలో రాసినది మరొక యంత్రంలో పిచ్చి గీతలుగా కనిపించేది. యూనికోడ్ వాడుకలోకి వచ్చిన తరువాతనే తెలుగు అక్షరం ఏ యంత్రంలోనైనా తెలుగు అక్షరంగానే కనిపించడం, వెతికితే దొరకడం సాధ్యమయింది. 1998లో ఈమాట అంతర్జాల పత్రిక మొదలయింది. 2003లో తెలుగు వికీపీడియా ప్రారంభమయింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి ప్రపంచ గ్రంథాలన్నిటినీ అంకెలలోకి మార్చాలన్న ఆశయంతో పది లక్షల పుస్తకాల పథకానికి పూనుకున్నారు. దానిలో భాగంగా భారతదేశంలో వేలాది తెలుగు పుస్తకాలు కూడా స్కాను అయ్యాయి. ఒకప్పుడు మద్రాసుకో, రాజమండ్రికో వెళ్ళి చూడవలసిన పుస్తకాలు భిలాయ్‌లోని ఇంటి వసారాలో తెరుచుకున్నాయి. ఇది సామాన్యమైన మేలు కాదు.

అయితే మొదటి వారం రోజులు వారికి ఏమీ దొరకలేదు. కారణాలు క్రమంగా తెలిసి వచ్చాయి. స్కాను చేసిన పుటలలో అధికభాగం బొమ్మలు మాత్రమే. మనిషి కంటికి అక్షరాలుగా కనిపించేవి యంత్రానికి నల్లటి మచ్చలు. గుణింతాలు, ఒత్తులు కలిసిన తెలుగు పుటను యంత్రం చదవగలగడం ఇటీవలి సంవత్సరాలలోనే మెరుగుపడింది. వెలిసిన పాత అచ్చు విషయంలో ఇప్పటికీ తడబడుతుంది. అందువల్ల కథ లోపలి మాట పట్టుకుని వెతకడానికి వీలు లేదు. ఇక పేరుతో వెతుకుదామంటే, పుస్తకాల పట్టికలు చాలా చోట్ల ఇంగ్లీషు అక్షరాలలో ఉన్నాయి. 'కథ' అన్న రెండక్షరాల మాటనే ఆ లిపిలో నాలుగైదు విధాల రాయవచ్చును. రాసినవారు ఎలా రాశారో ఊహించిన వానికే అది దొరుకుతుంది. బీరువా తెరిచిన గుమాస్తా ఎర్ర అట్ట అంటే ఇట్టే గ్రహించేవాడు. యంత్రానికి సరిగా అడగడం ముందుగా మనం నేర్చుకోవాలి.

వెతుకులాటలో ఆ అమ్మాయికి కథానిలయం సంగతి తెలిసింది. 'యజ్ఞం' కథ రాసిన కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో దానిని స్థాపించారు. తనకు వచ్చిన పురస్కారాల సొమ్మును అందులో పెట్టి, తెలుగులో అచ్చయిన ప్రతి కథనూ ఒకచోట చేర్చాలని సంకల్పించి, ఊరూరా తిరిగి పాత పత్రికలు సేకరించారు. 2021లో తొంభై ఆరేళ్ళ వయస్సులో మరణించే వరకు ఆయన ధ్యాస దాని మీదనే. ఆ కథల, రచయితల, పత్రికల పట్టికలు తరువాత అంతర్జాలంలోకి కూడా వచ్చాయి. తాను వదిలివచ్చిన జిల్లాలోనే అటువంటి నిలయం ఉన్నదని తెలిసి తాత ఆశ్చర్యపోయాడు. సెలవులకు వెళ్ళినప్పుడెల్లా శ్రీకాకుళంలో బస్సు మారిన మనిషి ఆయన.

కాని ఆ పట్టికలన్నీ తెలుగు లిపిలో ఉన్నాయి. ప్రతి పేరూ తాత చదివి చెప్పాలి. ఆయన కళ్ళకు ఆ చిన్న తెర మీది అక్షరాలు ఆనవు. మూడు రోజులు అవస్థపడిన తరువాత ఆ అమ్మాయి తానే ఒక పలక కొని తెచ్చింది. "నాకు అక్షరాలు నేర్పు తాతా" అన్నది. తన పిల్లలకు నేర్పడానికి షిఫ్టుల వల్ల తీరిక దొరకని పనిని ఆయన డెబ్బయి ఏడవ ఏట చేశాడు. హిందీ వచ్చిన పిల్లకు వర్ణమాల వరస కొత్త కాదు. రూపాలు మాత్రమే కొత్త. నెల రోజులలో పేర్లు కూడబలుక్కుని చదవగలిగింది. వాళ్ళ మామ్మ కూడా భిలాయ్‌లో మొదట అలాగే చదివిందని తాత చెప్పాడు.

కథ చిక్కడానికి తుదకు తోడ్పడినది యంత్రం తెలివి కాదు, తాత జ్ఞాపకం. పెద్దకొడుకు పుట్టిన ఏడాది దీపావళి రోజులలో, పురిటి మంచం మీదనే కూర్చుని ఆమె ఆ కథ చదివిందని ఆయనకు ఒకనాడు స్ఫురించింది. అంటే 1967 దీపావళి ప్రత్యేక సంచిక. అట్ట మీద దీపాలు పట్టుకున్న స్త్రీ బొమ్మ ఉన్నదని కూడా చెప్పాడు గాని, అది ఏ తెలుగు దీపావళి సంచికకైనా సరిపోయే ఆనవాలే! సంవత్సరం, నెల తెలిసిన తరువాత ఆ అమ్మాయి ఆ కాలపు పత్రికల పట్టికలు ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళింది. పేరులో 'ఉత్తరం' అన్న మాట ఉన్న కథ ఒకటి కనిపించింది. మరొక సంగ్రహంలో ఆ సంచిక పుటల బొమ్మలు దొరికాయి. వసారాలో కూర్చుని, ఆగి ఆగి, అక్షరం మీద వేలు పెట్టి ఆమె చదువుతుంటే తాత కళ్ళు మూసుకుని విన్నాడు.

కథ అదే. ఊరంతా తిరిగే తల్లి, కరణం ఇల్లు, మూసి ఉన్న బడి, అన్నీ ఆయనకు గుర్తున్నట్లే ఉన్నాయి. ముగింపు మాత్రం వేరు. అచ్చులోని కథలో కొడుకు రాడు. చదివేవారు ఎవరూ దొరక్క ఆ తల్లి ఉత్తరాన్ని దేవుని గూటిలో పెట్టి దీపం వెలిగిస్తుంది. అంతటితో కథ సమాప్తం.

మనుమరాలు తప్పు చదివానేమోనని మళ్ళీ చదివింది. పుట చిరగలేదు, చివర 'సమాప్తం' అని అచ్చయి ఉన్నది. తాత కొంతసేపు మాట్లాడలేదు. 1967లో ఆయన తల్లి నరసన్నపేట దగ్గరి పల్లెలో ఒంటరిగా ఉండేది. భిలాయ్ నుండి కొడుకు రాసే ఉత్తరాలు చదివి పెట్టమని ఆమె కూడా ఇల్లిల్లూ తిరిగేది. షిఫ్టు నుండి అలసి వచ్చి అన్నం ముందు కూర్చున్న మనిషికి ఆ ముగింపు చదివి వినిపించడానికి భార్యకు మనసు ఒప్పలేదు. ఆమె కొడుకును ఇంటికి రప్పించింది. యాభై ఏళ్ళపాటు ఆ మాట భర్తకు చెప్పలేదు. "ఆ చివరి ముక్క మీ మామ్మ రాసింది తల్లీ" అని మాత్రం ఆయన అన్నాడు.

ఆ సాయంత్రం ట్రంకు పెట్టె తెరిచి మిగిలిన ఆరు సంపుటాలు బయటికి తీశారు. ఆ కాగితాలలోని కథల పేర్లను మనుమరాలు పట్టికలతో పోల్చి చూసింది. చాలావరకు నమోదై ఉన్నాయి. కొన్ని పేర్లు ఆమె చూసిన పట్టికలలో ఎక్కడా కనిపించలేదు. అంతర్జాలంలో సమస్తమూ ఉన్నదనుకునే వయస్సు ఆమెది. ఎవరో ఒకరు దాచి పెట్టినది మాత్రమే అక్కడికి చేరుతుందని, తూకానికి వేసినది ఎంత వెతికినా దొరకదని ఆమెకు ఆనాడు బోధపడింది. పట్టికలలో లేని కథల పుటలను ఆమె ఒక్కొక్కటిగా ఫోనుతో ఫోటో తీయడం ప్రారంభించింది. కథ పేరు, రచయిత పేరు, పత్రిక, తేదీ తెలుగు అక్షరాలలోనే రాసింది. కొన్నింటికి పత్రిక పేరు తెలియదు. మామ్మ అంచులు కత్తిరించేసింది. అటువంటి చోట్ల ఖాళీ వదిలింది.

పుస్తక పఠనం క్షీణిస్తున్నదన్న ఆవేదన సభలలో తరచుగా వింటూ ఉంటాము. భిలాయ్ వంటి ఊళ్ళలో సమస్య ఇంకొక మెట్టు ముందే మొదలవుతుంది. అక్కడి మూడవ తరానికి మాట మిగిలింది, లిపి పోయింది. లిపి పోయినవారికి ఎన్ని లక్షల పుటలు తెరిచి పెట్టినా అవి మూసిన పుస్తకాలే. పుటలను అంకెలలోకి మార్చేందుకు పెడుతున్న శ్రద్ధలో కొంతైనా వాటిని చదవగల పిల్లలను తయారు చేయడానికి పెట్టవలసి ఉన్నది. అందుకు పెద్ద పథకాలే కావాలని లేదు. ఒక పలక, ఒక తాత, పిల్లకు నేర్చుకోవాలనిపించే ఒక కారణం ఉంటే ఆరంభం జరుగుతుంది. నాడు పడవలో పుస్తకాలు వేసుకుని ఊళ్ళకు వెళ్ళినవారి చేతిలో ఇంతకంటె ఎక్కువ ఏమీ లేదు.

వసారాలోని ఆ పఠనం ఆ తరువాత కూడా కొనసాగింది. మనుమరాలు కళాశాల నుండి వచ్చాక రోజుకు ఒక కథ. తొలినాళ్ళలో పుటకు పావుగంట పట్టేది. క్రమంగా వేగం వచ్చింది. దుఃఖాంతమైన కథ చదివేటప్పుడు చివరి పేరా దగ్గర ఆమె కొంచెం ఆగి తాత ముఖం వంక చూసేది. ఆయన నవ్వి, "ఉన్నది ఉన్నట్టే చదువు తల్లీ" అనేవాడు.